మొదటి సంతకం

మా ఊళ్లో సగంమంది నోళ్లు డార్లా స్టిన్నెట్‌కి తెలుసు. నేనేదో కొంటెగా అంటున్నాననుకోకండి. నది ఒడ్డు వీధిలోని పళ్ల డాక్టరు దగ్గర పద్దెనిమిదేళ్లుగా పళ్లు శుభ్రం చేసే ఉద్యోగం ఆమెది. ఎవరు పెళ్లాం చూడకుండా పొగాకు నములుతున్నారో, ఎవరు నిద్రలో పళ్లు కొరుకుతున్నారో ఆమెకి తెలుసు. ఒక్కరి గుట్టూ ఎప్పుడూ బయటపెట్టలేదు. ఆ కుర్చీలో బ్యాంకు మేనేజరూ పడుకున్నాడు, పాస్టరుగారూ పడుకున్నారు, మెరిల్ బ్రాషియర్ కూడా పడుకుంది. మెరిల్ సంగతి తరవాత చెబుతాను, తన వంతు వచ్చేదాకా ఆగే అలవాటు ఆమెకి లేకపోయినా.

డార్లా పొడగరి, గొంతు పెద్దది. మొగుడు డేల్ ఒహాయో నది మీద బొగ్గు పడవల్లో పనిచేస్తాడు. నెల నీళ్ల మీద, రెండు వారాలు ఇంట్లో. అందుకని ఇంటి పనీ, బయటి పనీ, పిల్ల పనీ అన్నీ ఈమె నెత్తినే. అయినా ఊళ్లో ఎక్కడ ఏది సరిగ్గా లేకపోయినా ఈమెకి ఊరుకోబుద్ధి కాదు. ఫీజు లేని సర్కారు బడి, పబ్లిక్ స్కూలు ముందు పిల్లల్ని రోడ్డు దాటించే మనిషి లేడని ఒకసారి స్కూలు బోర్డు మీటింగుకి వెళ్లింది. ఆ మీటింగు స్కూలు భోజనాల గదిలోనే జరుగుతుంది. చీటీ మీద పేరు రాసిస్తే ఎవరికైనా మైకు ముందు మూడు నిమిషాలు ఇస్తారు, గంట మోగేదాకా మధ్యలో ఎవరూ ఆపకూడదు. డార్లా తన మూడు నిమిషాలూ మాట్లాడి, సంతకాల కాగితం బల్ల మీద పెట్టి వచ్చింది. నెల తిరిగేసరికి పసుప్పచ్చ కోటు వేసుకున్న ముసలాయనొకడు ‘ఆగు’ పలక పట్టుకుని అక్కడ నిలబడ్డాడు. ఆ ముసలాయన్ని చూసుకుని ఆమె ఎంత మురిసిపోయేదో చెప్పలేను. నోరు తెరిచి అడిగితే పనులు అవుతాయని ఆమె నమ్మకం, ఆ నమ్మకానికి ఆ కోటే సాక్ష్యం.

అలాంటి తల్లికి కోరా పుట్టింది. ఇంట్లో వసపిట్ట. గడప దాటితే మాట లేదు. పబ్లిక్ స్కూల్లో రెండేళ్లు చదివి, ఆ రెండేళ్లలో ఒక్క మాట కూడా అనలేదు. దాహమేసినా అడిగేది కాదు, బాత్‌రూముకి వెళ్లాలన్నా అడిగేది కాదు, బట్టలు తడుపుకునేది. టీచరమ్మ మంచిదే, కానీ ఇరవై తొమ్మిదిమంది పిల్లల్లో మాట్లాడని పిల్లకి కూర్చుని మాటలు నేర్పే తీరిక ఎవరికుంటుంది? తండ్రి పోయాక తన వాటాకి వచ్చిన పొగాకు పొలం అమ్మి, డార్లా పిల్లని మా పిల్లలు చదివే ప్రైవేటు స్కూలు, అకాడమీలో వేసింది. అక్కడ తరగతికి పదకొండుమందే.

ఆ వేసవిలో ఆమె తమ్ముడి పెళ్లాం బాబీ ఆమెని వదిలిపెట్టలేదు. బాబీకి ముగ్గురు పిల్లలు, ముగ్గురూ పబ్లిక్ స్కూలే.

“ఏం వదినా, ఇంక మా పిల్లలకొచ్చే పేలు మీ కోరాకి రావేమో!”

“ఎందుకు రావు? పేలకి స్కూలు తేడా తెలుసేంటి?”

“అక్కడ పేలు కూడా ఫీజు కట్టి చేరాలంటగా.” బాబీ నవ్వు ఆపి అంది, “ఒకటి చెప్తా విను. ఇక్కడ మనకి నచ్చకపోతే బోర్డు వాళ్లని ఓట్లేసి దింపుతాం. అక్కడ వాళ్లకి నచ్చకపోతే నిన్నే దింపుతారు.”

ఈ మాట డార్లాయే నాకు చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను. నా పేరు రోండా. నా ఇద్దరు పిల్లలూ అకాడమీలోనే. పెద్దవాడు క్లే ఏడో తరగతి, చిన్నవాడు ఓవెన్ రెండో తరగతి, కోరా తరగతే. మా ఆయనది టైర్ల కొట్టు. చిన్నవాడి ఫీజులో సగం మాఫీ, దానికి ఏటా దరఖాస్తు పెట్టి దయ కోసం చూడాలి. ఆ దయ చూపే కమిటీలో హోలిస్ బ్రాషియర్ ఉంటాడు. హోలిస్ అంటే మెరిల్ మొగుడు. స్కూలు వ్యాయామశాల గోడ మీద ఉన్న పేరు కూడా ఆయన తాతదే.

డార్లాతో నా స్నేహం కార్ల వరసలో కుదిరింది. మధ్యాహ్నం మూడింటికి స్కూలు వదిలే వేళకి అద్దానికి నంబరు అట్ట తగిలించుకుని మేమంతా బారులు తీరతాం. ఆమెది నలభై ఒకటి, నాది నలభై. వెనక కారులోంచి దిగి వచ్చి నా కారులో కూర్చునేది, వేయించిన వేరుశెనగలు తెచ్చేది. సెప్టెంబరులో ఒకరోజు తలుపు తీస్తూనే ఏడ్చేసింది. “రోండా, టీచరు మిస్ ప్రూయిట్ చెవిలో కోరా ‘నీళ్లు’ అందంట! స్కూల్లోనే! నోటితో!” ఆమెని పట్టుకుని నేనూ ఏడ్చాను. అప్పుడు ఆ సంతోషం నాకు నిజంగానే కలిగింది, అబద్ధం కాదు. అక్టోబరుకి ఆ పిల్ల నాక్కూడా వినపడీ వినపడకుండా “హలో రోండా ఆంటీ” అనేది.

అక్టోబరు చివర్లో ఒక వానరోజు. మా అకాడమీలో పెద్ద తరగతుల పిల్లలు పదహారేళ్లకే బళ్లు నడుపుకుంటూ వస్తారు, వెళ్లేటప్పుడు చిన్నపిల్లల గేటు ముందునుంచే పోతారు. ఆ రోజు గాలికి ఓవెన్ టోపీ ఎగిరి దారి మీద పడింది. వాడు దాని వెంట పరుగెత్తాడు. నల్ల పికప్ ట్రక్కొకటి మలుపు తిరిగి వస్తోంది. నేను కారులో ఉన్నాను. తలుపు పిడి చేతికి అందలేదు.

“ఓవెన్!”

ఆ అరుపు నాది కాదు. చూరు కింద నిలబడ్డ కోరాది. అంత గొంతు ఆ పిల్లలో ఉందని ఎవరికీ తెలియదు, వాడికీ తెలియదు, అందుకే ఉలిక్కిపడి ఆగిపోయాడు. ట్రక్కు టోపీ మీదుగా వెళ్లిపోయింది. నడిపినవాడు ట్రేస్ బ్రాషియర్, మెరిల్ కొడుకు. ఆగలేదు.

నేను వానలో ఆ పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. “బతికున్నంతకాలం నీ మేలు మరచిపోను తల్లీ” అన్నాను. కోరా నా చెవి దగ్గరికి వంగి, “వాడి టోపీ తొక్కేసింది” అని గుసగుసలాడింది.

మర్నాడే డార్లా కాగితం తయారుచేసింది. పెద్దపిల్లల బళ్లు వెనక దారిన పోవాలి, గేటు దగ్గర స్పీడు బ్రేకరు వెయ్యాలి, రోడ్డు దాటించే మనిషి ఉండాలి. అంతే, మూడు వాక్యాలు.

“ట్రేస్ పేరు రాయలేదు కదా?” అని అడిగాను.

“ఎందుకు రాస్తాను? వాడూ పిల్లాడే. తప్పు దారిది.”

కారు ముందు రేకు మీద కాగితం పెట్టి నేనే మొదట సంతకం చేశాను. వారం తిరిగేలోగా ఇరవైమూడు సంతకాలయ్యాయి. కొంతమంది ఆమె కుర్చీలోనే, నోట్లో దూదితోనే పెట్టారు. మా అకాడమీలో ఎవరూ ఎవరికీ ముఖం మీద కాదనరు. డార్లాకి ఆ సంగతి తెలియదు. పబ్లిక్ స్కూల్లో నచ్చనివాళ్లు నచ్చలేదని అరుస్తారు, కాబట్టి అరవనివాళ్లంతా తనవైపే అనుకుంది.

శుక్రవారం ఫుట్‌బాల్ ఆటలో, వేడి చాక్లెట్ అమ్మే బల్ల దగ్గర, మెరిల్ వచ్చి ఆమెని కావలించుకుంది. మెరిల్ మా తల్లిదండ్రుల సంఘానికి అధ్యక్షురాలు. సన్నటి మనిషి, ఆమె గొంతు పెరగడం నేనెప్పుడూ వినలేదు.

“బంగారం, ఎంత మంచి పని తలపెట్టావు! ఆ కాగితం నాకియ్యి, నేనే డాక్టర్ విట్లో చేతికిస్తాను. ఉద్యోగం చేసుకునేదానివి, నీకెందుకీ తిరుగుడు?”

విట్లో మా ప్రిన్సిపాల్. డార్లా అక్కడికక్కడే సంచిలోంచి తీసి ఇచ్చేసింది.

“నకలు తీసుకున్నావా?” అన్నాను దారిలో.

“నకలెందుకూ? ఆవిడ కొడుకు కూడా ఆ గేట్లోంచే పోతాడుగా.”

నాకెందుకో చలేసింది. ఆ సాయంత్రం నేను అనని మాటలు ఎన్నో ఉన్నాయి, ఇప్పటికీ లెక్కపెట్టుకుంటూ ఉంటాను. నవంబరంతా డార్లా ఎదురుచూసింది. ఆ తరవాత ఆఫీసులో కూర్చునే ఫెర్న్‌ని అడిగింది, బోర్డు మీటింగు ఎప్పుడు, చీటీ ఎక్కడ రాయాలి అని. ఫెర్న్ నవ్వింది. “అది మనలాంటివాళ్లకి కాదు తల్లీ. బ్రాషియర్‌గారింట్లో జరుగుతుంది, భోజనాలతో.”

తరవాత జరిగినవి విడివిడిగా చూస్తే ఏదీ పెద్ద సంగతి కాదు. తరగతి తల్లుల ఉదయం కాఫీ గంట ముందుకి జరిగింది, డార్లాకి ఎవరూ చెప్పలేదు. ఆమె వెళ్లేసరికి కప్పులు కడుగుతున్నారు. “అయ్యో, నీకు అందలేదా!” అని నలుగురు ఒకేసారి నొచ్చుకున్నారు. ఒక పుట్టినరోజు పార్టీలో పిల్లలు పదిమంది, తరగతిలో ఉన్నది పదకొండుమంది. రోజూ పొద్దున్న డాక్టర్ విట్లో గేటు దగ్గర నిలబడి ఒక్కో కారు తలుపూ తానే తీసి పిల్లల్ని పేరుపెట్టి పలకరిస్తాడు. డిసెంబరులో ఒకరోజు నా కారు తలుపు తీశాడు, వెనక కారు దగ్గరికి వెళ్లకుండా దాని వెనకదాని దగ్గరికి నడిచాడు. నేను అద్దంలో చూశాను. కోరా తన తలుపు తానే తీసుకుని దిగింది. మర్నాడూ అంతే. ఆ తరవాత నేను అద్దంలోకి చూడడం మానేశాను.

“నాకేదో తేడాగా ఉంది రోండా,” అంది డార్లా నా కారులో కూర్చుని. “అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు. మరీ ఎక్కువ నవ్వుతున్నారు.”

“నీ భ్రమ” అన్నాను.

జనవరిలో మెరిల్ నాకు ఫోన్ చేసింది. బెదిరించలేదు. ఒట్టు, ఒక్క గట్టి మాట లేదు. ఓవెన్ ఎలా ఉన్నాడంది. టైర్ల కొట్టు ఎలా సాగుతోందంది. “హోలిస్ నిన్న రాత్రి ఫీజు మాఫీ కాగితాలు చూస్తూ, మీవి కూడా చూశారంట. మీవాడంటే ఆయనకెంత ఇష్టమో! రేపు కాఫీకి రారాదూ?” అంది.

వెళ్లాను. వంటగది తెల్లగా, వెచ్చగా ఉంది. దాల్చినచెక్క కేకు కోసి పెట్టింది. నేను సగం తిన్నాక సొరుగు తీసి ఆ కాగితం బల్ల మీద పెట్టింది. అప్పటిదాకా అది ఆ సొరుగు దాటలేదని నాకర్థమైంది. ఇరవైమూడు పేర్లలో పంతొమ్మిదింటి మీద గీత ఉంది. అన్నీ ఒకే నీలం సిరా.

“తీసెయ్యమని నేను ఎవర్నీ అడగను రోండా. ఎవరి మనసు వాళ్లది. పెన్ను మాత్రం ఇక్కడుంది.”

అందరికంటే పైన నా పేరుంది. టోపీ గుర్తొచ్చింది. వానలో మోకాళ్ల మీద కూర్చోవడం గుర్తొచ్చింది. క్లేని, ఓవెన్‌ని ఇక్కణ్ణించి తీసెయ్యాల్సివస్తే మా ఆయన ముఖం ఎలా ఉంటుందో కూడా గుర్తొచ్చింది, మిగతావన్నీ దాని వెనక్కి వెళ్లాయి. గీత గీశాను. అది వంకరగా పోయింది, నా పేరింకా చదవడానికి వీలుగానే కనిపించింది. అందుకని దాని మీదే ఇంకోసారి గీశాను.

“ఒకటి చాలు బంగారం” అంది మెరిల్. ఓవెన్‌కి ఇమ్మని కేకు ముక్క కాగితంలో చుట్టి ఇచ్చింది. నేను దాన్ని పుచ్చుకున్నాను. ఇంటికి తీసుకెళ్లాను. వాడు తిన్నాడు.

ఫిబ్రవరి మూడోవారంలో వచ్చే ఏటి చేరిక పత్రాలు పిల్లల సంచుల్లో పెట్టి పంపుతారు, అవి రాని పిల్లకి మళ్లీ చోటు లేనట్టే. పాలమీగడ రంగు కవరు, దాని మీద స్కూలు ముద్ర. నా పిల్లలిద్దరికీ వచ్చాయి. ఓవెన్ కవర్లో మాఫీ ఉత్తరం కూడా ఉంది. అది చదువుతుండగా డార్లా ఫోన్ చేసింది.

“మీకు కవర్లొచ్చాయా? కోరా సంచిలో లేదు. వానకి తడిసి ఎక్కడైనా పడిపోయిందేమో.”

“మేమింకా చూడలేదు” అన్నాను. కవరు చేతిలోనే ఉంది. ఫోను పెట్టేశాక కూడా అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఛీ, ఇలాంటి మనిషినని నాకు నలభై ఏళ్లదాకా తెలియనే తెలియదు.

డాక్టర్ విట్లో గదిలో ఏం జరిగిందో మిస్ ప్రూయిట్ తరవాత చెప్పింది. పిల్ల గురించి చెప్పడానికి డార్లా ఆమెని కూడా లోపలికి రమ్మందట.

“డార్లాగారూ, మీ కుటుంబానికీ మా అకాడమీకీ అంతగా పొసగడం లేదేమోనని మా అభిప్రాయం.”

“మా పిల్ల ఏం చేసింది?”

“చక్కటి పిల్లండీ. దానికేం.”

“మరి కారణం చెప్పండి.”

“కారణం చెప్పాలని ఒప్పందంలో లేదండీ. మీరు సంతకం చేసినదే.”

“అయితే బోర్డు ముందు మూడు నిమిషాలివ్వండి. మూడే. రెండేళ్లు మూగగా ఉన్న పిల్లండీ. ఇప్పుడిప్పుడే నోరు విప్పింది. ఇప్పుడు మారిస్తే మళ్లీ మూసుకుపోతుంది. ఆ ఒక్క ముక్కా చెప్పుకోనివ్వండి.”

ఆయన జాలిపడ్డాడట. నిజంగానే జాలిపడ్డాడట. సొరుగు తెరిచి, సంతకాల కాగితం ఆమె ముందుకి జరిపాడు. “మీవైపు ఎవరున్నారో మీరే చూసుకోండి” అన్నాడు. మెరిల్ సొరుగులోంచి అది అప్పటికి ఆయన సొరుగులోకి చేరింది. డార్లా పేర్లన్నీ వేలితో వరసగా చూసుకుందట. గీత లేని పేరు ఒక్కటే మిగిలింది, అది ఆమెదే.

మే నెలదాకా ఆమె పిల్లని మామూలుగానే తెచ్చి దించేది. నా కారులోకి మాత్రం మళ్లీ రాలేదు. నేనూ దిగి వెళ్లలేదు. ఆఖరిరోజున కోరా నా కారు పక్కనుంచి పోతూ “హలో రోండా ఆంటీ” అంది. అద్దం దించి ఉంది, కాబట్టి వినపడలేదని చెప్పుకోవడానికి కూడా నాకు వీల్లేదు.

వేసవి సెలవుల్లో గేటు ముందు స్పీడు బ్రేకరు వేశారు. పసుపు చారలతో, బలంగా. పెద్దపిల్లల బళ్లకి వెనక దారి కూడా తెరిచారు. పక్కన రాతి దిమ్మె మీద ఇత్తడి పలక: “చిన్నారుల క్షేమం కోరి, బ్రాషియర్ కుటుంబం.” ప్రారంభం రోజున మేమంతా చప్పట్లు కొట్టాం. ఇప్పుడు రోజుకి నాలుగుసార్లు నా కారు దాని మీదుగా పోతుంది. ఎంత నెమ్మదిగా పోయినా కుదుపు తగులుతుంది.

ఆగస్టులో కిరాణా కొట్టులో బాబీ ఎదురైంది. ముఖం చాటెయ్యబోయాను, సామాన్ల బండి అడ్డం పెట్టింది.

“మీ బ్రేకరు బాగుందంటగా!”

“కోరా ఎలా ఉంది?”

“బడిలో మాట లేదు. అది మాకలవాటే. ఇప్పుడు ఇంట్లో కూడా తగ్గించేసింది. మా వదిన రోజంతా ఊళ్లోవాళ్ల నోళ్లు తెరిపించి, ఇంటికెళ్లి ఆ పిల్ల నోటికేసి చూస్తూ కూర్చుంటోంది.” బాబీ బండిలోకి చూసింది. “తప్పుకో, ఐస్‌క్రీం కరిగిపోతోంది” అంది, అడ్డం ఉన్నది తన బండే అయినా.

సెప్టెంబరులో నా పళ్ల వంతు వచ్చింది. ఆరు నెలలకొకసారి తప్పదు, మార్చి వంతు ఏదో సాకుతో ఎగ్గొట్టాను, మా బీమా చెల్లేది ఆ ఒక్క డాక్టరు దగ్గరే. ఇంకొకామె చేస్తుందేమోనని ఆశపడ్డాను. డార్లాయే వచ్చింది. మూతికి గుడ్డ, చేతులకి తొడుగులు. కుర్చీ వాల్చి, దీపం నా కళ్ల మీదికి తిప్పింది. ఓవెన్‌ని బయట గదిలో కూర్చోబెట్టి వచ్చాను. బడి వదిలాక తల్లి పని అయ్యేదాకా కోరా కూడా అక్కడే కూర్చుంటుందని నాకు తెలియదు.

“నోరు తెరువు” అంది.

తెరిచాను. ఇనుప కొక్కెం ఒక్కొక్క పంటినీ తడుముతూ పోయింది. ఎక్కడా నొప్పి పుట్టించలేదు. అంత మెత్తగా చేస్తుంటే నాకు భయమేసింది.

“నిద్దట్లో పళ్లు కొరుకుతున్నావు రోండా. ఇదివరకు లేదు. ఈ వెనక పళ్లు చూడు, అరిగిపోతున్నాయి. ఎప్పట్నించి? చలికాలం నించా?”

నోట్లో ఆమె వేళ్లున్నాయి. లేకపోయినా జవాబు చెప్పేదాన్ని కాదు.

“అందరూ ఒక్క గీతే గీశారు,” అంది అదే గొంతుతో. “నువ్వు రెండు గీశావు. అదొక్కటే నాకర్థం కాలేదు. ఇంకాస్త తెరువు.”

కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. ఆమె దూదితో తుడిచింది, అందరికీ తుడిచినట్టే. కుర్చీ లేపి, పుక్కిలించమని కప్పు అందించి, పక్కగదిలో ఇంకొకరి దగ్గరికి వెళ్లిపోయింది.

బయటికి వచ్చేసరికి ఓవెన్, కోరా పక్కపక్క కుర్చీల్లో ఉన్నారు. కోరా పొడుగైంది. వాడు కొత్త టోపీ తీసి దాని ఒళ్లో పెట్టి బతిమాలుతున్నాడు.

“ఒక్కసారి అను కోరా. ఆ రోజు అన్నావు చూడు, అలాగ. నా పేరే. గట్టిగా అక్కర్లేదు.”

కోరా పెదాలు విడదీసింది. మెడనరం లేచింది. ఏమీ రాలేదు. వాడి మీంచి చూపు తిప్పి, నన్ను చూసింది.

“అమ్మా, కోరా ఎందుకు మాట్లాడట్లేదు?” అన్నాడు ఓవెన్.

నేను కౌంటరు దగ్గరికి వెళ్లి, వచ్చే మార్చికి తేదీ రాయించుకున్నాను.